చుక్క నీరు లేని తెప్ప

మాఘ శుద్ధ ఏకాదశి, ఉదయం

మట్టి సంఘం నియమావళి ప్రకారం, నోటీసు అందుకున్న తోట యజమాని దినచర్య రాసి తనిఖీ నాడు సమర్పించవలసి ఉంటుంది. అందువల్ల రాస్తున్నాను. నా పేరు హాసిని. వయస్సు డెబ్బై తొమ్మిది. నివాసం కొత్తలంక, నలభై ఒకటో తెప్ప. ఒంటరిగా ఉంటాను, కావాలనే అలా ఉంటాను. జంతుశాస్త్రంలో బి.యస్సీ. పట్టా పొందాను. మా కళాశాల కింది అంతస్తులోకి సముద్రం వచ్చిన ఏడాది, పై అంతస్తులో కూర్చుని ఆఖరి పరీక్ష రాసిన పదకొండు మందిలో నేనొకతెను. ఆ తరువాత ముప్పై నాలుగేళ్ళు ఈ తెప్పల మీది పిల్లలకు అదే శాస్త్రం బోధించాను.

ఈ ఉదయం గరిటెతో వాననీళ్ళు కుండల్లో పోస్తూ నష్టం లెక్కించాను. దోసపిందెలు ఆరు, పాలకూర ఒక మడి, ఆనపతీగ మొదలు సగం వరకు కొరికి ఉంది. మడి అంచున ఎలుక పెంటికలు పదిహేడు.

నోటీసును నిన్న ఆద్య స్వయంగా తెచ్చింది. మట్టి సంఘం తనిఖీ అధికారిణి, ఒకప్పుడు నా విద్యార్థిని. తెప్పల నడుమ వంతెనలా వేసే పలక మీద నిలబడి కాగితం చాచింది గాని కళ్ళెత్తలేదు.

"మేడం, ఫాల్గుణ శుద్ధ పంచమి గడువండి. ఆ రోజుకి ఎలుక జాడ ఒక్కటి కనబడినా మట్టి ఎత్తెయ్యాలి."

"ఎత్తి?"

"ఆవిరి బాయిలర్లో ఉడికించి అందరికీ పంచుతారండి. మీకు పెద్ద ఓడలో మంచం ఇస్తారు. కిటికీ పక్కనే అడిగానండి."

పెద్ద ఓడ సంగతి నాకు తెలుసు. తోట లేని వృద్ధులను అక్కడ ఉంచుతారు. గంట కొడితే తినాలి, గంట కొడితే పడుకోవాలి. నా మట్టి సంగతి వారికి తెలియదు. చేప పొట్టు, కొబ్బరి పీచు, నాచు, వంటింటి తుక్కు కలిపి నలభై ఏళ్ళపాటు నేను తయారుచేసిన మట్టి అది. ఉడికిస్తే వానపాము మొదలు బూజు వరకు అందులోని ప్రాణమంతా పోతుంది. మిగిలేది బురద.

"కిటికీ ఎవరికైనా ఇచ్చెయ్యి, ఆద్యా. ఇరవై అయిదు రోజులు నాకు చాలు," అన్నాను.

మాఘ శుద్ధ ద్వాదశి

విషం పెట్టడం కొత్తలంకలో నిషిద్ధం. అందరి వాననీటి తొట్లూ ఒకే గొట్టంతో కలిసి ఉన్నాయి. ఎలుకలను బెదరగొట్టడానికి సంఘం ఇచ్చిన కూతపెట్టెలు నాలుగు తోట మూలల్లో ఎండకు ఛార్జి అయి, మన చెవికి అందని కూత పెడుతూనే ఉన్నాయి. వాటిలో ఒకదాని కింద, వెచ్చగా ఉంటుంది కాబోలు, నిన్న ఎలుక పడుకుని వెళ్ళిన గుంట కనిపించింది.

నలభై రెండో తెప్ప జశ్వంత్ గారిది. పడవ నడిపిన మనిషి, డెబ్బై దాటాయి, ఎగతాళి ఎక్కువ. ఉదయం పలక దగ్గరికి పిలిచాను.

"మీ ఎలుకలు నా దోసకాయలు తింటున్నాయి, జశ్వంత్ గారూ."

"నా ఎలుకలని ఎలా చెబుతున్నారండీ? నా పేరు పచ్చబొట్టు పొడిపించుకున్నాయా?"

"పలక మీదుగా వస్తున్నాయి."

"ఆయ్, రావచ్చు. నా తెప్ప మీద ఉప్పుచేప తిని తిని విసుగెత్తి మీ దగ్గర పథ్యం చేస్తున్నాయేమో. సంఘం పిల్లిని అడక్కపోయారా?"

"ఆ పిల్లి ముల్లు తీసి పెడితే గాని చేప కూడా తినదు."

ఆయన నవ్వాడు. తరువాత కాస్త మెల్లగా, "టీచరు గారూ, తప్పుగా అనుకోకండి. మీ తెప్ప కింది డ్రమ్ముల మధ్య పీచు ఓసారి చూపించుకోండి," అన్నాడు.

నా తెప్పను నాకు చూపించేవాడు ఇంకా పుట్టలేదని సమాధానమిచ్చాను. అటుపైన పలక ఎత్తేశాను.

కొత్తలంకలో తెప్పకు తెప్పకు నడుమ పలక పగలంతా దించి ఉండాలి. ఎత్తడమంటే మాట తెంచుకోవడం. ఎత్తినవారే స్వయంగా దించి, ముందుగా తామే పలకరించాలి. ఇదంతా తెలిసే ఎత్తాను. పాత రేకుపెట్టె కత్తిరించి, నడుమ రంధ్రం చేసి, పళ్ళెమంత బిళ్ళలు ఆరు తయారుచేసి నా తెప్పను కట్టి ఉంచే ఆరు మోకులకూ తొడిగాను. ఏ ఎలుకా మోకు మీదుగా వచ్చి ఆ రేకును దాటలేదు. సాయంత్రానికి నా తెప్ప కోటలా ఉంది. వేళ్ళు రెండుచోట్ల తెగాయి. ఇంత ఉత్సాహంగా ఉండి చాలా ఏళ్ళయింది.

మాఘ పౌర్ణమి

నష్టం రెట్టింపయింది. దోసపాదులో పిందె మిగలలేదు. టమాటా కాడలు కూడా కొరికి చప్పరించి పారేశాయి.

కోపం పనికిరాదు, పరిశీలన పనికివస్తుంది. పిల్లలకు చెప్పిన మాటే నాకూ చెప్పుకున్నాను. పొయ్యి బూడిద జల్లెడ పట్టి, నిన్న సాయంత్రం ఆరు మోకుల మొదళ్ళలోను, ఎత్తిన పలక చుట్టూ, తోట బాటల్లోను పలుచగా చల్లాను. ఈ ఉదయం మోకళ్ళ మీద కూర్చుని చదివాను. మోకుల దగ్గర బూడిద చెక్కుచెదరలేదు. తోట బాటల్లో మాత్రం ముందుకాలికి నాలుగు వేళ్ళు, వెనకకాలికి అయిదు, నడుమ తోక గీత. బాట నిండా అవే. అన్నీ ఒకే చోటికి వెళ్ళి మాయమవుతున్నాయి: తూర్పు అంచున, తెప్పను మోసే డ్రమ్ముల మధ్య అలల దెబ్బ తగలకుండా కూరిన కొబ్బరి పీచులోకి.

అవి ఎక్కడి నుంచో రావడం లేదు. మూడు రోజుల క్రితం నేను కోట కట్టి, శత్రువును లోపల ఉంచి, తలుపు వేసుకున్నాను. అంతకుముందు సగమైనా పలక దాటి జశ్వంత్ గారి ఉప్పుచేప తినేవి. ఆ దారి నేనే మూసి, మొత్తం భారం నా తోట మీద వేసుకున్నాను.

ఇది ఇక్కడ రాయకుండా ఉండగలను. కాని తప్పు రాయని దినచర్య దినచర్య కాదు.

మాఘ బహుళ విదియ

అవి ఏమి తింటున్నాయన్నది కాదు, ఏమి వదిలేస్తున్నాయన్నది నిన్నంతా ఆలోచించాను. వేరుశనగ పక్కనే ఉన్నా ముట్టలేదు. ఎండబెట్టిన మినుములు ముట్టలేదు. నీరున్న కాయ, నీరున్న కాడ, నీరున్న ఆకు, అంతే. వాటికి ఆకలి తీర్చడానికి సముద్రం ఉంది. ప్రతి ఆటుకీ డ్రమ్ముల మీద అంటుకునే నత్తలు, చచ్చిన చేపపిల్లలు కావలసినన్ని. లేనిది మంచినీరు. నాలుగు దిక్కులా నీరున్న ఈ ఊళ్ళో ఎలుక బతికేది దాహంతో.

అనుమానం రుజువు కావాలి కదా. నిన్న సాయంత్రం పీచు దగ్గర రెండు మూకుళ్ళు పెట్టాను: ఒకదానిలో వేయించిన వేరుశనగలు గుప్పెడు, రెండోదానిలో వాననీరు. ఈ ఉదయం వేరుశనగలు గుప్పెడూ అలాగే ఉన్నాయి, ఒక్కటి మాత్రం కొరికి వదిలేశాయి. నీటి మూకుడు నాకి నాకి మెరుస్తోంది.

  ఆ మూకుడు పట్టుకుని చాలాసేపు తోటలో అటూ ఇటూ తిరిగాను. చూపించడానికి పక్కన ఎవరూ లేరు, పలక ఎత్తి ఉంది.

మాఘ బహుళ చవితి

ఉపాయం ఇది. ఎలుక అరకిలోమీటరు సులభంగా ఈదగలదు. తెప్పను రెండు కిలోమీటర్ల దూరం తీసుకుపోయి లంగరు వేయాలి. తెప్ప మీద చుక్క మంచినీరు, ఒక్క పచ్చి ఆకు లేకుండా చేయాలి. నీరు దొరికే చోటు ఒక్కటే ఉండాలి: బోను.

ఇందుకు పడవ కావాలి. పడవ ఉన్నది జశ్వంత్ గారికి.

ఉదయం పలక దించాను. ఆయన అవతల వల బాగుచేసుకుంటూ తల ఎత్తలేదు. ఆచారం ప్రకారం ముందు మాట నాదే.

"మీరు చెప్పింది నిజం. పీచులోనే ఉన్నాయి."

"ఏమన్నారండీ? చెవులు సరిగా పనిచెయ్యట్లేదు ఈమధ్య."

"మీరు చెప్పింది నిజమన్నాను."

"అబ్బే, ఇంకోసారి చెబితే గాని..."

"జశ్వంత్ గారూ, నేను మూడోసారి చెప్పను. నా తెప్పను పాత వాటర్ ట్యాంకు దాకా లాగుతారా?"

అప్పుడు వల పక్కన పెట్టాడు. ఉపాయమంతా విన్నాడు. "దాహంతో చంపుతారన్నమాట," అన్నాడు. "నేను రెండో క్లాసులోనే మానేశాను గానీ, మీ దగ్గర చదివుంటే డిగ్రీ దాకా వచ్చేవాణ్ణండీ."

"రెండో తరగతిలోనే మిమ్మల్ని బయటికి పంపేదాన్ని."

మధ్యాహ్నం ఆద్య పరుగున వచ్చింది. ఊరంతా తెలిసిపోయింది కాబోలు. తోడు లేకుండా పంపనని, కనీసం ఒకరినైనా తీసుకువెళ్ళమని పట్టుబట్టింది. నియమావళిలో ఏ పేజీలో ఉందో చూపించమన్నాను. చూపించలేకపోయింది. తోడు మనిషి అంటే ఆ మనిషికి తాగేనీళ్ళు, స్నానం, ఎంగిలి చేయి కడుగుడు. అక్కడ ఒక్క గరిటెడు ఒలికినా అంతా వ్యర్థమని వివరించాను. రాసుకుని వెళ్ళింది.

సాయంత్రం తోట కోశాను. పాలకూర, మిగిలిన టమాటాలు, బెండ, చుక్కకూర అన్నీ జశ్వంత్ గారి తెప్ప మీదికి చేరాయి. ఆనపతీగను మొదలంటా కోసేటప్పుడు కత్తి ఒకసారి ఆగింది. పందిరి నిండా పూత మీద ఉంది. కోశాను. నా వాననీటి తొట్టిని ఊరి గొట్టం నుంచి విడదీసి ఖాళీ చేసి, కుండల మూతులకు బంకమట్టి మెత్తి మూసేశాను.

మాఘ బహుళ పంచమి

ఆటు మొదలవగానే ఆరు మోకులూ విప్పాము. నలభై ఏళ్ళలో ఈ తెప్ప మొదటిసారి కదిలింది. ఊరంతా అంచులకు వచ్చి చూసింది. పెద్ద ఓడ పై అంతస్తులో ముసలివాళ్ళు వరుసగా నిలబడ్డారు. ఒకావిడ చేయి ఊపింది. నేను గెడ పట్టుకుని నిటారుగా నిలబడ్డాను. కాళ్ళ కింద మట్టి కూడా కదులుతోందన్న ఊహకే నాకు నవ్వు ఆగలేదు.

మునిగిపోయిన ఊరి వాటర్ ట్యాంకు తల నీళ్ళ పైకి ఇంకా కనబడుతుంది. దానికి కట్టమన్నాడు జశ్వంత్ గారు. వద్దన్నాను, ఎలుకకు మెట్టు వేసినట్టవుతుంది. దానికి బాగా ఎడంగా లంగరు వేశాము.

"అవసరమైతే పొగ వెయ్యండి, వస్తాను," అన్నాడు.

"అవసరం రాదు."

"ఆయ్, తెలుసు. అయినా అనాలి కదండీ," అని పడవ తిప్పాడు.

మాఘ బహుళ షష్ఠి

నిన్న సాయంత్రం వెదురు ఎలుకబుట్టలు పన్నెండు పెట్టాను. తాత ముత్తాతల నాడు పొలాల్లో పెట్టినవే: విల్లు, తాడు, ఎరను లాగితే బిగుసుకునే ముడి. ఆనాడు వరిగింజలు ఎర. నా ఎర నీటిలో తడిపిన పీచు ముక్క.

తెల్లవారేసరికి అయిదు.

తెల్లవారగానే ఇంకో పని. మంచు. రేకు కప్పు మీద, టార్పాలిన్ మీద, మోకుల మీద కూడా మంచు బొట్లు కడుతుంది. ఎలుకకు అది చాలు. పాత పంచె ముక్కతో కప్పు మొదలు నేల దాకా తుడిచి, సముద్రంలోకి పిండాను. గంటన్నర పట్టింది. నిచ్చెన ఎక్కవద్దని డాక్టరు చెప్పిన సంగతి దిగిన తరువాత గుర్తువచ్చింది.

మాఘ బహుళ నవమి

సప్తమి నాడు ఆరు. అష్టమి నాడు నాలుగు. ఈరోజు రెండు. మొత్తం పదిహేడు. పీచు లోపలి నుంచి కిచకిచలు వినిపించడం లేదు. తడి ఎరకు ఇంత శక్తి ఉందని ఏ పుస్తకంలోనూ చదవలేదు. పుస్తకాలు రాసినవారు ఇలా నీళ్ళ మీద బతికి ఉండరు.

మాఘ బహుళ ఏకాదశి

బోనుల్లో రెండు రోజులుగా ఏమీ లేదు. గెలిచానని నిన్న పాట కూడా పాడుకున్నాను. ఈ ఉదయం బూడిద చదివాను. ఒక్క జత అడుగులు. ఎడమ వెనకకాలికి నాలుగే వేళ్ళు. ఒకటి ఎప్పుడో పోగొట్టుకుంది. బోను దాకా వచ్చి, చుట్టూ ఒకసారి తిరిగి, వెళ్ళిపోయింది. పన్నెండు బోనుల దగ్గరా అదే కథ.

ఆరు రోజులుగా ఈ ఎలుక ఎక్కడ నీళ్ళు తాగుతోంది? మంచు నేను తుడుస్తున్నాను. కుండలు మూసి ఉన్నాయి. ఒక్క ఎలుకే కదా అని వెనక్కి వెళ్ళడానికి వీల్లేదు. అడుగుల లోతు చూస్తే బరువుగా ఉంది. అది కడుపుతో ఉంటే నెల తిరిగేసరికి ఒకటి తొమ్మిదవుతుంది. నా మట్టి బాయిలర్‌కు పోతుంది.

నా తాగునీటి డబ్బాలో మూడు గ్లాసులే మిగిలాయి. ఏడు రోజులకే తెచ్చుకున్నాను. ప్రస్తుతం ఈ తెప్ప మీద దాహంగా ఉన్న ఆడప్రాణులు రెండు.

పొగ వేయలేదు. అయినా మధ్యాహ్నం జశ్వంత్ గారి పడవ కనబడింది.

"దగ్గరికి రాకండి," అని అరిచాను. "ఎలుక దూకుతుంది."

"బతికున్నారో లేదో చూద్దామని వచ్చానండీ."

"చూశారుగా."

"గొంతు కీచుమంటోంది. మంచినీళ్ళ డబ్బా తెచ్చాను."

కాసేపు ఆలోచించాను. మూత బిగించిన డబ్బా ఎలుకకు నీరు కాదు, నాకు మాత్రం నీరు.

"డబ్బా విసరండి. తాడు మాత్రం విసరకండి."

నీళ్ళలో తేలుతూ వచ్చిన డబ్బాను గెడతో లాగాను. గట్టున నిలబడ్డవాడిలా ఆయన అక్కడే ఉండి, నేను తాగేదాకా చూసి వెళ్ళాడు. ఒకరు ఇచ్చిన నీళ్ళు ఇంత రుచిగా ఉంటాయని ఒప్పుకోవడం నాకు కష్టమే, ఒప్పుకుంటున్నాను.

మాఘ బహుళ ద్వాదశి

దొరికింది. ఎలుక కాదు, జవాబు.

ఉదయం మంచు తుడవడానికి పంచె ముక్క తీసుకుంటే అంచు జల్లెడలా ఉంది. చిన్న చిన్న కన్నాలు, వరుసగా. కొరికినవి కాదు, చప్పరించి చప్పరించి నమిలినవి. రోజూ మంచంతా ఆ గుడ్డతో తుడిచి, పిండి, నా గదిలో దండెం మీద ఆరవేస్తున్నాను. పిండినా అందులో తడి మిగులుతుంది. తెప్పంతటి మంచునూ నేనే పోగుచేసి, నా పడక పక్కనే ఆ నాలుగు వేళ్ళదానికి అందిస్తున్నాను.

పట్టలేనంత నవ్వు వచ్చింది. ఇటువంటి విద్యార్థిని ముప్పై నాలుగేళ్ళలో నాకు ఒక్కరూ దొరకలేదు.

ఈరోజు గుడ్డను దండెం మీద వేయలేదు. నా గదిలోనే, మంచం కింద, బోనులో కట్టాను. బోనును తాకితే మనిషి వాసన వస్తుందని ఇదివరకు బూడిద రాసేదాన్ని. ఈసారి రాయలేదు. నా వాసనకు అది అలవాటుపడి ఉంది.

మాఘ బహుళ త్రయోదశి

తెల్లవారుజామున విల్లు చప్పుడు.

పెద్ద ఎలుక. ఒక చెవి చిరిగి ఉంది, మీసాలు తెల్లబడ్డాయి. ఎడమ వెనకకాలికి నాలుగు వేళ్ళు. కడుపుతో ఉంది. తోటివారంతా పోయాక నాలుగు రోజులు ఒక్కతే, ఎవరి ఎరకూ లొంగకుండా బతికింది. దాని తెలివికి నమస్కరించి, బుట్టతో సహా నీళ్ళలో ముంచాను. ఇది రాయడానికి నాకు సిగ్గు లేదు. దాచి ఉంటే సిగ్గుపడేదాన్ని.

మొత్తం పద్దెనిమిది. రెండు రోజులు బూడిద చూసి, అమావాస్య పోటుకు తిరిగి వెళతాను. పీచంతా ఇప్పుడే పీకి సముద్రంలో వేస్తున్నాను. చేతులు మంట పుడుతున్నాయి, పని మాత్రం ఆపబుద్ధి కావడం లేదు.

ఫాల్గుణ శుద్ధ పంచమి

తనిఖీ పూర్తయింది. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

విదియ నాడు ఆద్య తన చేత్తోనే తోటంతా బూడిద చల్లి, బాటలకు దారాలు కట్టి, ముద్ర వేసింది. మోకులకు రేకు బిళ్ళలు ఉన్నాయి, ఈసారి జశ్వంత్ గారికి చెప్పే పలక ఎత్తాను; మూడు రోజులు నేను గది దాటలేదు. ఈ ఉదయం బాయిలర్ బల్లకట్టు వచ్చి నా తెప్పకు ఆనుకుని నిలబడింది. దాని మీద నలుగురు మనుషులు, పారలు, ఖాళీ తొట్లు. జశ్వంత్ గారు తన అంచున నిలబడి ఒక్క మాట కూడా మాట్లాడలేదు; అది నేను మొదటిసారి చూడడం.

ఆద్య దారాలు తెంపి లోపలికి నడిచింది. ఆనప పందిరి దగ్గర ఆగిపోయింది.

"మేడం... ఇక్కడ ఏదో నడిచిందండి."

 నేను ఉన్నచోటి నుంచి ఆ జాడలు కనిపించలేదు.

"ఏమిటో చెప్పు."

"మీరే వచ్చి చూడండి."

"నేను తోట యజమానిని. ఇక్కడ నా మాట సాక్ష్యానికి రాదు. నీకు చదువు చెప్పాను. కూర్చుని చదువు."

మోకళ్ళ మీద కూర్చుంది. బల్లకట్టు మీదివాళ్ళు పారలు చేతిలోకి తీసుకున్నారు. ఆమె చాలాసేపు వంగి చూసింది.

"ఎలుక ముందుకాలికి ఎన్ని వేళ్ళు?" అన్నాను.

"నాలుగండి. వెనక అయిదు."

"అక్కడ?"

"వేళ్ళు... వేళ్ళు లేవండి. సూదితో పొడిచినట్టు చుక్కలు. అటు నాలుగు, ఇటు నాలుగు."

"తోక గీత?"

"లేదు." అలాగే వంగి ఆ జాడ వెంట మోకళ్ళ మీద జరిగింది. "తిన్నగా వెళ్ళలేదు మేడం. పక్కకి నడిచింది."

 జవాబు ఆమెదే కావాలి.

ఆద్య లేచి, మోకళ్ళు దులుపుకుని, బల్లకట్టు వైపు తిరిగింది. "పీత," అంది. "పారలు కింద పెట్టండి. ఇక్కడ ఎలుక లేదు." తరువాత కాగితం తీసి అదే మాట రాసి, సంతకం చేసింది.  

బల్లకట్టు ఖాళీ తొట్లతో వెళ్ళిపోయింది. జశ్వంత్ గారికి మాట తిరిగి వచ్చింది: "టీచరు గారూ, నా పీచులో కూడా చూడాలేమోనండీ." చూడాలనే చెప్పాను. వచ్చే పౌర్ణమి ఆటుకు ఆయన తెప్ప బయలుదేరుతుంది. తోడు రానని, ఒక్కరే ఉండాలని, మంచు తుడిచిన గుడ్డ ఎక్కడా ఆరవేయరాదని ముందే హెచ్చరించాను.

మధ్యాహ్నం కుండల మూతులకు మెత్తిన బంకమట్టి పగలగొట్టి మడులకు నీళ్ళు పోశాను. మట్టిలో చేయి పెడితే లోపల వానపాములు కదిలాయి. ఆనప గింజలు ఎనిమిది నాటాను.

ఈ దినచర్యను మట్టి సంఘానికి అప్పగిస్తున్నాను. రేపటి నుంచి నా తెప్ప మీద నేనేమి చేశానో ఎవరికీ రాసి చూపించవలసిన పని లేదు.